సవరణ: పింఛను 4,000లో కేంద్రం ఇచ్చేదెంత?

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను గురించి నా మొన్నటి పోస్టులో "నెలకు ఇచ్చే 4,000లో సగం కేంద్రానిది" అని ఉంది. అది సరికాదు. జాతీయ సామాజిక సహాయ పథకం కింద కేంద్రం ఇచ్చేది 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు 200 రూపాయలు, 80 నిండితే 500. అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకే. మిగతా భారమంతా రాష్ట్ర ఖజానాదే. ఆ 200 రూపాయలు ఏళ్ల తరబడి పెరగలేదు. రాష్ట్రంలో మాత్రం పింఛను 2019 జనవరిలో 2,000, 2024 జనవరిలో 3,000, అదే ఏడాది జులైలో 4,000 అయింది.

ఇంకోమాట. పోస్టు చదివిన కొందరు "మా ట్యాక్సు డబ్బుతో ఊరికే మేపుతున్నారు" అన్నారు. నేను ఒప్పుకోను. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టే ఒక అవ్వను చూస్తుంటాను. దారం లాగి లాగి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు మిషన్ తెస్తే వేలిముద్ర ఒక పట్టాన పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది, మళ్లీ పెడుతుంది. ఆ డబ్బు బీపీ మాత్రలకు, గది అద్దెకు పోతుంది. జీవితాంతం పనిచేసినా ఆమెకు పీఎఫ్ లేదు. సబ్బు కొన్నా పేస్టు కొన్నా జీఎస్టీ ఆమే కడుతోంది కదా! ఆఫీసరు రిటైరై పింఛను తీసుకుంటే ఉచితం అనం, ఈమెను ఎందుకు అంటున్నాం?

అనర్హులుంటే విచారించి తీసేయాల్సిందే. దానికోసం అర్హులందరినీ దొంగల్లా చూడక్కర్లేదు.

పాత పోస్టులో ఆ లైను మార్చాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.