స్కోపీలో ఏమీ కనపడకపోతే టెన్షనేనా?
ఎండోస్కోపీ నార్మల్‌గా ఉంటే కడుపు బాధకు కారణం చాలావరకు టెన్షనే అని కడుపు బాధల గురించిన మీ వ్యాసంలో రాశారు. ఎలర్స్-డాన్లోస్ (చర్మం, కీళ్లు, పేగుల్లాంటి వాటిని పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే జన్యు వ్యాధి) ఉన్నవాళ్ల విషయంలో ఇది ఒప్పుకోలేను. స్కోపీలో పుండో వాపో కనిపిస్తుంది గానీ, జీర్ణాశయం, పేగులు ఎంత మెల్లగా కదులుతున్నాయో తెలియదు. మా అక్కకు ఈ వ్యాధిలో కీళ్లు అతిగా వంగే హైపర్‌మొబైల్ రకం ఉంది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది, ఉబ్బరం, మలబద్ధకం సరేసరి. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలే రాశారు. తిన్నది కడుపులోంచి ఎంతసేపటికి ఖాళీ అవుతోందో చూసే పరీక్ష చేశాకే అసలు సంగతి బయటపడింది. (ఈ రకానికి కారణమైన జన్యువు ఇంకా తేలలేదు, కాబట్టి రక్తపరీక్ష రిపోర్టు చూపించి నమ్మించే వీలు కూడా లేదు!) టెన్షన్ బాధను పెంచుతుంది, అది కాదనను. కానీ కోల్3ఏ1 జన్యువులో లోపంతో వచ్చే, రక్తనాళాలను బలహీనపరిచే ఎలర్స్-డాన్లోస్ రకం గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు. వాళ్లకు పెద్దపేగు, ముఖ్యంగా మలాశయానికి ముందుండే సిగ్మాయిడ్ భాగం, ఉన్నట్టుండి చిల్లు పడొచ్చు. కొలొనోస్కోపీ చేయించుకోవడమే రిస్కు. అలాంటివాళ్లు హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదని ఒక లైనైనా రాయాల్సింది.