చెట్టుకు మట్టితో పనేమిటి?

పట్టణాల్లో రోడ్డు పక్కన ఉన్న చెట్ల మొదళ్ల చుట్టూ, బెరడుకు ఆనుకునేంత దగ్గరగా సిమెంటు టైల్స్ పరచడాన్ని కొందరు పర్యావరణ ప్రేమికులు తప్పుపడుతున్నారు. ఈ విమర్శకు శాస్త్రీయమైన ఆధారమేదీ లేదని, కాంట్రాక్టర్ల పక్షాన నిలిచి సవినయంగా నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కాంట్రాక్టర్లకు తెలియకపోవచ్చు గానీ, వారి వాదానికి దాదాపు నాలుగు శతాబ్దాల నాటి దన్ను ఉంది. వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ వైద్యుడు 200 పౌండ్ల ఎండు మట్టిని కుండీలో పోసి, అందులో 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోస్తూ పెంచాడు. ఆఖరున తూచి చూస్తే చెట్టు 169 పౌండ్లు దాటింది. మట్టిలో తరిగినది సుమారు 2 ఔన్సులే. ఆయన మరణించాక 1648లో అచ్చయిన ఈ వృత్తాంతంలో, పెరిగిన బరువంతా నీటిదేనని ఆయన తీర్మానించాడు. బొగ్గు కాలితే పుట్టే వాయువును స్వయంగా గుర్తించిన మనిషికి, చెట్టు ఆహారం అదేనని తట్టకపోవడం విచిత్రం. గాలిలో 0.04 శాతం మాత్రమే ఉండే ఆ కార్బన్ డయాక్సైడును ఆకులు పత్రరంధ్రాల గుండా లోనికి తీసుకుని, ఎండ బలంతో నీటితో కలిపి చక్కెరగా మారుస్తాయని, మన ఇంటి గుమ్మంలోని కలపలో కూడా అధికభాగం అలా గాలిలోంచి వచ్చినదేనని తర్వాతి వారు తేల్చారు. చెట్టు గాలి తిని బతుకుతుందని సైన్సే చెబుతున్నప్పుడు, దానికి మట్టి ఎందుకు? నిక్షేపంగా టైల్స్ పరచవచ్చు.

వేళ్లకు కూడా ఊపిరి కావాలి కదా అని ప్రత్యర్థులు అడ్డు తగులుతారు. నిజమే, ఆకులు పగలంతా విడుదల చేసే ఆక్సిజన్‌లో వేళ్లకు వాటా అందదు. మట్టి రేణువుల సందుల్లోని గాలే వాటికి ఆధారం, ఆ సందులు మూసుకుపోతే నీటిని, ఖనిజ లవణాలను లాగే శక్తి కూడా వాటికి సన్నగిల్లుతుంది. అయితే కాకినాడ దగ్గర కోరంగిలో మడ చెట్లను చూడండి. బురదలో గాలి ఆడకపోతే అవి ఎవరికీ అర్జీ పెట్టుకోకుండా, శ్వాసవేళ్లను మేకుల్లా నేలపైకి పొడుచుకొచ్చి పని కానిచ్చుకుంటాయి. మన వీధిలోని కానుగ ఆ పాటి చొరవ చూపకపోతే అది దాని సోమరితనమే తప్ప కాంట్రాక్టరు లోపం కాదు.

మేకుల మాట వచ్చింది కాబట్టి ట్యూషన్ల బోర్డులు, మొలల వైద్యుల బోర్డులు కొట్టుకునే వారికి ఒక శుభవార్త. చెట్టు ఎత్తు పెరిగేది కొమ్మల చివళ్లలోనే. మాను లావెక్కుతుందే గానీ పైకి సాగదు. ఐదడుగుల ఎత్తున కొట్టిన బోర్డు పదేళ్లకైనా ఐదడుగుల ఎత్తునే, పాఠకుల కంటికి ఎదురుగానే ఉంటుంది. కాకపోతే బెరడు కింద పలుచని పొరగా ఉండే కేంబియం ఏటా కొత్త కలపను చేరుస్తూ, కొన్నాళ్లకు మేకును, దానితోపాటు వైద్యుడి ఫోను నంబరులో చివరి అంకెలను మింగేస్తుంది.

అన్నిటికన్నా మెచ్చుకోదగినది ఉత్సవాలకు మాను చుట్టూ బిగించి, ఆ తర్వాత ఎవరూ విప్పని లైట్ల తీగ. ఆకులు తయారుచేసిన చక్కెర వేళ్లకు దిగేది బెరడు లోపలి పొర గుండానే. మాను లావెక్కేకొద్దీ తీగ ఆ పొరను నొక్కేసి, దారి మూసేస్తుంది. నీరు మాత్రం లోపలి కలప గుండా పైకి ఎక్కుతూనే ఉంటుంది కనుక చెట్టు వెంటనే వాడదు; వేళ్లు తమ నిల్వలు కరిగిపోయి పస్తులుంటున్నా, పైన పచ్చగానే కనిపిస్తుంది. చివరికి అది ఎండిపోయే నాటికి ఆ ఉత్సవ కమిటీ రద్దయి, కార్యదర్శి వేరే కాలనీకి మారిపోయి ఉంటాడు. నేరానికి, ఫలితానికి మధ్య ఇంత గౌరవప్రదమైన వ్యవధిని సమకూర్చే ఏర్పాటు మన చట్టాల్లో ఎక్కడా లేదు.

ఆ తర్వాత ఒక ఈదురుగాలికి చెట్టు కారు మీద పడుతుంది, నివేదికలో గాలిని నిందితుడిగా చేరుస్తారు. మరుసటి వానాకాలం అదే చోట మంత్రిగారి చేతుల మీదుగా మొక్క నాటే కార్యక్రమం ఎలాగూ ఉంటుంది. గుంత కోసం టైల్స్ పెకలించే పనికి, మొక్క నాటాక వాటిని తిరిగి బిగుతుగా పరిచే పనికి వేర్వేరు టెండర్లు పిలవాలని మాత్రం అధికారులకు నా మనవి.