కిలోల లెక్కన అమ్మే అడవి మనకు వద్దు

ఈ మధ్య ఫోను తెరిస్తే చాలు, ఆర్కిడ్ల అమ్మకపు ఫోటో ఒకటి కనిపిస్తోంది. గోనె పట్టా మీద కుప్పగా పోసిన, చెట్ల కొమ్మల మీద పెరిగే డెండ్రోబియం అనే ఆర్కిడ్ కాండాలు, పక్కన కాటా, కింద కిలో ధర. "అరుదైన రకం, కొద్దిగానే ఉన్నాయి, త్వరపడండి" అని రాత. దాని కింద "నాకు రెండు పంపండి", "నాకు అయిదు" అని అడుగుతున్నవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు, మేడ మీద ఎంతో ప్రేమగా మొక్కలు పెంచుకునే మనవాళ్లు ఉన్నారు. చూసి ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

అడవి నుంచి ఊడబెరికిన డెండ్రోబియం కొనకండి. ఎంత అరుదైనదైనా, ఎంత చవకగా వచ్చినా సరే. అడవికి అది తీరని నష్టం. మనకు మిగిలేది ఎండుపుల్ల.

అడవి మొక్కో, నర్సరీ మొక్కో ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతారు. వేర్లు చూడండి. కుండీలో పెరిగిన మొక్క వేర్లు కుండీ ఆకారంలోనే చుట్టుకుని ఉంటాయి, వాటి మధ్య కొబ్బరి పీచో బొగ్గు ముక్కో ఇరుక్కుని ఉంటుంది. చెట్టు నుంచి లాగిన మొక్కకు వేర్లన్నీ ఒకే వైపు బల్లపరుపుగా అణిగి ఉంటాయి, కొసలు తెగి ఉంటాయి, వాటిని పట్టుకుని బెరడు పెచ్చులు కూడా ఊడి వస్తాయి. కాండం మీద చెట్ల బెరడుకు పట్టే బూడిదరంగు లైకెన్ పొర మచ్చలు, ఆకుల మీద ఎప్పుడో పురుగు కొరికిన పాత గాట్లు కనిపిస్తాయి. పది మొక్కలు తెప్పిస్తే ఏ రెండూ ఒక ఈడువి కావు. డబ్బు కట్టే ముందే వేర్ల ఫోటో అడగండి. పంపనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

కొందరు అమ్మకందారులు ఇవన్నీ కూలిన కొమ్మల మీద నుంచి కాపాడి తెచ్చినవని చెబుతారు. తుపానులు మనకు కొత్త కాదు. 2014లో హుద్‌హుద్ చూశాం, 2018లో తిత్లీ చూశాం. కూలిన తోటలు ఎలా ఉంటాయో ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు. నేలపడిన కొమ్మ మీది మొక్కను తెచ్చి బతికించుకోవడం మంచి పనే, నేను కాదనను. కానీ ఒకే రకం మొక్కలు, శుభ్రంగా కట్టిన కట్టలుగా, వారం వారం ఏ గాలికి కూలుతున్నాయి? ఈశాన్య కొండల్లో డెండ్రోబియంలను మన ముచ్చట కోసమే కాదు, చైనా సంప్రదాయ వైద్యంలో "షిహు" అనే మందు కోసం కూడా ఏళ్లుగా పీకేస్తున్నారు. ఆ చేతులకు మనం కూడా పని కల్పించాలా?

ఇక మన ఎండ సంగతి. డెండ్రోబియం లావుపాటి కాండంలో నీటిని, ఆహారాన్ని దాచుకుంటుంది. అందుకే వేర్లు తెగినా నెలల తరబడి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఒక్కోసారి పూస్తుంది కూడా. నిలదొక్కుకుందని మనం సంబరపడతాం. కొత్త వేర్లు రావాలంటే చాలా వరకు కొత్త చిగురు అడుగు నుంచే రావాలి. ఆ చిగురు రాకముందే ఏప్రిల్ వడగాడ్పులు మొదలవుతాయి, కాండం ముడతలు పడి గడ్డిపోచలా తేలిపోతుంది. మొక్క పోయిందని కొన్న మనిషి మళ్లీ ఇంకొకటి కొంటాడు. ఈ వ్యాపారం నడిచేదే ఆ రెండో కొనుగోలు మీద.

పైగా అమ్మేవి ఏ రకాలో చూడండి. ఎక్కువగా కనిపించేది నోబిలే. అది సిక్కిం రాష్ట్ర పుష్పం, చలికాలపు చల్లని రాత్రులు తగిలితేనే బాగా పూస్తుంది. మన తీరంలో డిసెంబరు కూడా దానికి ఆ చలి ఇవ్వదు. పచ్చగా పెరుగుతుంది, పిలకలు వేస్తుంది, పూత మాత్రం అంతంతమాత్రం. న్యూగినీ ఎత్తయిన కొండల మీది కత్‌బర్ట్‌సోనై కోసం తపించేవాళ్లూ ఉన్నారు. చిన్న మొక్క, పువ్వు నెలల తరబడి వాడదు, నిజంగా అద్భుతమే. ఏడాది పొడవునా చల్లని రాత్రులు కావాలి దానికి. మే నెల శ్రీకాకుళంలో దాన్ని పెట్టడం హింస.

నాకు అసలు బాధ ఇక్కడే. మన ఉక్కపోత కోరుకునే డెండ్రోబియంలు బోలెడన్ని ఉన్నాయి, వాటిని అడిగేవాళ్లే లేరు. న్యూగినీ, ఇండోనేషియా లోతట్టు ప్రాంతాల ఆంటెన్నాటమ్, స్ట్రాటియోటిస్ ఉన్నాయి. వాటి పైరేకులు కృష్ణజింక కొమ్ముల్లా మెలితిరిగి నిటారుగా నిలబడతాయి, పువ్వు వారాల తరబడి ఉంటుంది. వేలాడే కాండాల నిండా ఊదారంగు పూలతో, గది నిండే సువాసనతో పూసే అనోస్మమ్ ఉంది. మన అండమాన్ దీవుల్లోనూ పెరిగే క్రుమెనాటమ్ ఉంది, పావురం ఆర్కిడ్ అంటారు. గాలివాన వచ్చి ఎండ తాపం ఒక్కసారిగా తగ్గితే, సుమారు తొమ్మిది రోజులకు ఆ చుట్టుపక్కల ఉన్న క్రుమెనాటమ్ మొక్కలన్నీ కలిసి ఒకే రోజు తెల్లగా పూస్తాయి. మర్నాటికి పూలు వాడిపోతాయి. వేసవి గాలివానలు మనకు కొరతా? కడియం నర్సరీలకు వెళ్తే థాయ్‌లాండ్ సోనియా లాంటి హైబ్రిడ్లు దొరుకుతాయి. అవి మంచి మొక్కలే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అవే కొనాలి. ఆ తర్వాత వెతకవలసినవి ఈ రకాలు.

మన తూర్పు కనుమల అఫిల్లమ్ మాట కూడా చెప్పాలి. ఇది కూడా విత్తనం నుంచో పిలక నుంచో వచ్చినదైతేనే తెచ్చుకోండి, అరకు వెళ్లినప్పుడు చెట్టెక్కి పీకకండి. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి బోసి పుల్లల్లా వేలాడుతుంది. "ఎండిపోయింది కదండీ, ఇంకా ఎందుకు ఉంచారు?" అని మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. ఆ సమయంలో జాలిపడి నీళ్లు పోస్తే పూలకు బదులు పిలకలు వస్తాయి. నవంబరు చివరి నుంచి నీళ్లు బాగా తగ్గించి, ఎరువు పూర్తిగా మానేయాలి. మాఘం దాటాక కణుపుల దగ్గర కాగితం లాంటి పొర చిట్లి చిన్న బొడిపె కనిపిస్తుంది. కొస గుండ్రంగా మొద్దుగా ఉంటే మొగ్గ, సూదిగా పైకి లేస్తే పిలక. మొగ్గని తేలాక నీళ్లు మొదలుపెట్టండి. లేత గులాబీ రేకులు, మీగడ రంగు పెదవి (పువ్వు కింది వెడల్పాటి రేకు), ఆకు ఒక్కటీ లేని కాండం పొడవునా జంటలు జంటలుగా.

మట్టి వద్దు. ఉద్దానం కొబ్బరి డొక్కలు మనకు చేతికందే దూరంలో ఉన్నాయి. ముక్కలు కొట్టి, ఎర్రనీరు దిగడం ఆగేదాకా నీళ్లు మారుస్తూ నానబెట్టి, బొగ్గు, పెంకు ముక్కలతో కలిపి వాడండి. బోరు నీరు ఉప్పగా ఉంటే వాన నీరు పట్టి ఉంచుకోండి, ఉప్పు వేర్ల కొసలను మాడ్చేస్తుంది.

మరి అరుదైన రకాలు ఎక్కడి నుంచి రావాలి? గాజు సీసాలో నుంచి. ఆర్కిడ్ విత్తనం దుమ్ములా ఉంటుంది, దానిలో ఆహారం ఉండదు. అడవిలో ఒక శిలీంధ్రం తోడుంటేనే మొలుస్తుంది. చక్కెర కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) మీద శిలీంధ్రం లేకుండానే మొలిపించవచ్చని అమెరికా వృక్షశాస్త్రవేత్త లూయిస్ నడ్‌సన్ 1922లోనే చూపించాడు. ఒక్క కాయలో వేల విత్తనాలు ఉంటాయి. వందేళ్ల నాటి పద్ధతి చేతిలో ఉండగా ఇంకా చెట్లెక్కి పీకడం ఏమిటి? విదేశాల నుంచి తెప్పించాలన్నా సీసా నారే మేలు. ఆర్కిడ్లన్నీ అడవి మొక్కల, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కిందకు వస్తాయి. మామూలు మొక్కకు ఆ ఒప్పందం కింద అనుమతి కావాలి, సీసాలో ఉన్న నారుకు మినహాయింపు ఉంది. ఆరోగ్య ధ్రువపత్రం, మన దిగుమతి పర్మిట్ మాత్రం దేనికైనా తప్పవు. ఏ కాగితమూ లేకుండా తెప్పిస్తామనేవాళ్లకు దూరంగా ఉండండి. నారు పూతకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, పట్టనివ్వండి. మన తీరపు గాలిలోని తేమ ఆ పసి మొక్కలకు వరం. హైదరాబాదులో పెంచేవాళ్లు దాని కోసం యంత్రాలు పెట్టుకుంటున్నారు.

మన రెండు జిల్లాల కళాశాలల్లో టిష్యూ కల్చర్ (సీసాల్లో మొక్కలు పెంచే పద్ధతి) నేర్పే అధ్యాపకులు ఈ పోస్టు చదువుతుంటే ఒక విన్నపం. అరటి నారు పెంచే బల్ల మీదే డెండ్రోబియం విత్తనం కూడా మొలుస్తుంది. కాయలు మేం ఇస్తాం. మా అఫిల్లమ్‌కు ఈ ఏడు చేత్తో పరాగం అద్దాను, కాయ పట్టింది, పగలకముందే కోసి ఇస్తాను. విద్యార్థులకు ప్రాజెక్టు అవుతుంది, మాకు అడవి జోలికి పోని నారు దొరుకుతుంది.

ఇంట్లో పెంచేవాళ్లకు పిలకలు ఇస్తాను. డబ్బు వద్దు. బదులుగా మీ దగ్గరి పిలక ఒకటి తెండి, దాని పేరు, ఎవరి దగ్గర తీసుకున్నారో రాసిన చీటీతో సహా. కిలోల లెక్కన కొన్న మొక్క పిలక మాత్రం తీసుకోను.