కమాండ్ లైన్ గారి మౌనవ్రతం గురించి

మహారాజశ్రీ కమాండ్ లైన్ గారికి,

ఉభయకుశలోపరి. మొన్న మధ్యాహ్నం మనకు జరిగిన పెళ్ళిచూపులు గుర్తున్నాయా? కమాండ్లు టైప్ చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునే చోటు కదా మీరు. లాగ్ ఫైల్లో (ప్రోగ్రాం తన పనుల చిట్టా రాసుకునే ఫైలు) ఒక ఎర్రర్ వెతకమని, ఫైళ్ళలో మాటలు వెతికే మీ గ్రెప్ కమాండ్‌కి చెప్పాను. ఫైలు పేరు రాయడం మర్చిపోయాను. మీరు అవుననలేదు, కాదనలేదు. కర్సర్ మాత్రం కన్నుగీటుతూ కూర్చుంది. పెద్ద ఫైలు కదా, పాపం వెతుకుతోందిలే అనుకుని టీకి వెళ్ళొచ్చాను. వచ్చాక కూడా అదే కన్నుగీటుడు. చివరికి పక్క సీటు కుర్రాడు తొంగిచూసి, "అన్నా, అది వెతకట్లేదు. నువ్వు ఏదో టైప్ చేస్తావని చూస్తోంది" అన్నాడు. అరగంట పాటు నేను మీకోసం, మీరు నాకోసం!

మాన్యువల్లో రాసే ఉందిగా అంటారు. ఉంది. కానీ మాన్యువల్ తెరవాలంటే, తప్పు చేశానన్న సంగతి ముందు నాకు తెలియాలి కదండీ.

మీ మౌనం వెనక కథ నాకు తెలుసు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టిన రోజుల్లో టెర్మినల్ (కంప్యూటర్‌తో మాట్లాడే యంత్రం) అంటే టెలిటైపు. వాటిలో మోడల్ 33 అనేది సెకనుకు పది అక్షరాలు కాగితం మీద టకటకా కొట్టేది. అప్పుడు పొదుపుగా మాట్లాడటమే మర్యాద. పైగా ఒక కమాండ్ మాటను పైపులోంచి ఇంకో కమాండ్ అందుకుంటుంది. మధ్యలో "నమస్కారం, పని మొదలెడుతున్నాను" అంటే అవతలివాడు అదీ డేటానే అనుకుంటాడు. (అలాంటి కబుర్లకు స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే దారి మీ ఇంట్లోనే ఉంది. సరే, వదిలేద్దాం.)

ఎదురుగా మనిషి ఉన్నాడో పైపు ఉందో తెలియదని మాత్రం అనకండి. ఫోల్డర్‌లోని ఫైళ్ళ పేర్లు చెప్పే మీ ఎల్ఎస్ కమాండ్ తెర మీదైతే పేర్లను పక్కపక్కన సర్ది చూపిస్తుంది, పైపులోకైతే లైనుకొకటి చొప్పున పంపుతుంది. మనిషిని చూసి పీట వేయడం అంత బాగా తెలిసిన ఇంట్లో, "ఫైలు పేరు ఇవ్వలేదు, మీ టైపింగ్ కోసం చూస్తున్నాను" అని గ్రెప్ ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోతుంది?

మీరు నోరు విప్పినా నాకు భయమే. కాపీ చేసే సీపీ కమాండ్ పక్కన చిన్న ఆర్ (-r) పెడితే ఫోల్డర్ మొత్తం కాపీ చేయమని. అదే అలవాటుతో, ఫైళ్ళ అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్‌కి చిన్న ఆర్ కొట్టి, కావాల్సిన అనుమతుల అంకె 755 అని రాశాను. దాని భాషలో చిన్న ఆర్ అంటే చదివే అనుమతి పీకేయమనట. నా ఫోల్డర్‌కి తాళం వేసేసి, పైగా 755 అనే ఫైలు కనబడటం లేదని నా మీదే ఫిర్యాదు! వేరే కంప్యూటర్లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి పోర్టు (అక్కడ ఏ తలుపు తట్టాలో చెప్పే నంబరు) చెప్పాలంటే చిన్న పీ, అవతలికి ఫైళ్ళు కాపీ చేసే దాని తోడబుట్టిన ఎస్‌సీపీకి పెద్ద పీ. అదేమంటే చిన్న పీ అప్పటికే ఇంకో పనికి ఇచ్చేశారట. ప్రోగ్రాములు రాసే పైథాన్ అయితే మరీ ఘోరం. ఎగ్జిట్ అని కొడితే, బయటికి వెళ్ళాలంటే పక్కన బ్రాకెట్లు పెట్టమనేది. నేను వెళ్ళాలనుకుంటున్నానని అర్థమైంది కదా, మరి తలుపు తీయడానికేం? 2024లో 3.13 వెర్షన్ వచ్చాక గానీ తీయలేదు.

మీ కుటుంబంలో అందరూ అలా లేరు. కోడ్ మార్పుల లెక్క చూసే, నేను మామూలుగా తిట్టుకునే గిట్ కూడా, కొత్త బ్రాంచిని (కోడ్‌లో వేరుగా మొదలెట్టిన పాయ) సర్వర్‌కి పుష్ చేయబోతే, అంటే పంపబోతే, ఆగి, కొట్టాల్సిన లైను మొత్తం రాసి చేతికిస్తుంది. కాపీ, పేస్ట్, అయిపోయింది. ఇన్నేళ్ళలో ఆ లైను నేను కంఠతా పట్టలేదు. పట్టే అవసరమూ రాలేదు. మిగతావాళ్ళకి కాస్త దాని దగ్గర ట్యూషన్ పెట్టించండి.

ఇట్లు,
మీ ఎదుట కూర్చున్న మనిషి

తా.క.: ఈ ఉత్తరాన్ని సీపీతో మీ ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. మీరేమీ అనలేదు కాబట్టి చేరిందనుకుంటున్నాను. ఇదే పేరుతో పోయినేడాది రాసిన ఉత్తరం అక్కడ ఉండాలి. ఉందా, లేక నన్నడక్కుండా దాని మీదే ఇది రాసేశారా?