గడువు ఒకరికేనా?

పరిశోధన ప్రాజెక్టు కావాలంటే శాస్త్రవేత్త మూడేళ్ల పనిని మూడేసి నెలల చొప్పున విడగొట్టి చూపాలి. ఎప్పుడు ఏ పరికరం కొంటారో, ఎవరిని తీసుకుంటారో, ఏ ఫలితం తెస్తారో తేదీలు వేసి రాసివ్వాలి. నిధులిచ్చే వారు మాత్రం ఏ తేదీకీ కట్టుబడరు.

మార్చి 31 మళ్లీ ముంచుకొస్తోంది. వినియోగ ధ్రువపత్రం పంపండి, లెక్క తేల్చండి అంటూ తాఖీదులు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో నిధుల విడత వేసి నెలలో ఖర్చు చేయమంటే ఎలా? చేయకుంటే నిధులు మురిగిపోతాయి. అందుకే హడావుడిగా కొన్న ఎంజైములు ఫ్రీజర్లో మైనస్‌ 20 డిగ్రీల దగ్గర పేరుకుపోయి, పని మొదలయ్యేసరికి కాలం చెల్లుతున్నాయి. వరి వంగడంపై ప్రయోగమైతే మరీ ఘోరం. జూన్‌లో నారు పోయాలి. డబ్బు అక్టోబరులో పడితే ఖరీఫ్‌ పోయినట్లే, ఏడాది ఆగాల్సిందే. సమీక్షలో 'లక్ష్యం చేరలేదు' అన్న మచ్చ మాత్రం ప్రాజెక్టును నడిపే ప్రధాన పరిశోధకుడికే.

ఆ ప్రాజెక్టునే నమ్ముకుని పీహెచ్‌డీ చేసే జేఆర్‌ఎఫ్‌ (జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలో) సంగతేమిటి? ఫెలోషిప్‌ను 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000 చేశామని గొప్పగా చెప్పారు. విడత ఆగితే అదీ ఆగుతుంది. గది అద్దె, మెస్‌ బిల్లు ఆగవు. ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ పీహెచ్‌డీ చేసే పిల్లలు మన ప్రతి క్యాంపస్‌లోనూ ఉన్నారు.

ప్రజాధనానికి పైసాతో సహా లెక్క ఉండాలంటారు. ఉండాల్సిందే. 2025 జూన్‌లో కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రూ.2 లక్షలకు పెంచారు, సంతోషం. ఖాతాలో సొమ్మే లేనప్పుడు ఆ పరిమితితో కొనేదేమిటి? అయిదేళ్లలో రూ.50,000 కోట్లంటూ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు 2023లో చట్టం చేశారు. ఆ అంకె ప్రయోగశాలకు ఏ నెలలో చేరుతుందో చెప్పేవారేరీ?

శాంక్షన్‌ ఉత్తర్వులోనే ప్రతి విడతకూ తేదీ వేయాలి. అది దాటితే దాటినన్ని రోజులు ప్రాజెక్టు గడువు దానంతటదే పెరగాలి. మిగులు మరుసటి ఏడాదికి బదిలీ కావాలి. వారం ఆలస్యమైన నివేదికకు సంజాయిషీ అడిగే అధికారులారా, మీ బల్లపై నెలల తరబడి పడి ఉన్న ఫైలుకు ముందు మీరు సంజాయిషీ ఇవ్వండి.