లెక్కకు రాని దొంగ

శుక్రవారం పొద్దున్నే ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. హైదరాబాదులో మా టీమ్‌ను సగానికి తగ్గిస్తున్నారట, పుణె, చెన్నై, బెంగళూరు ఆఫీసుల్లో సీట్లున్నాయట, ఇక్కడే ఉంటానంటే పని మారుతుందట, వెళతానంటే ఊరు మారుతుందట, ఏదో ఒకటి సోమవారం పది గంటలకల్లా తేల్చి చెప్పమన్నారు. మామూలు మనిషైతే పెళ్లాన్ని అడుగుతాడు. నేను ఎక్సెల్ తెరిచాను.

నా సంగతి తెలిసినవాళ్లు దీనికేమీ ఆశ్చర్యపోరు. మిక్సీ కొనాలన్నా నాకు షీట్ ఉండాలి. పెళ్లిచూపులప్పుడు కూడా ఒకటి తయారుచేశాను గానీ ఆ కథ ఇక్కడొద్దు, మా ఆవిడ ఇది చదువుతుంది.

నాలుగు ఊళ్లు అడ్డంగా, పదిహేడు విషయాలు నిలువుగా. అద్దె, స్కూలు ఫీజు, నీళ్లు, ట్రాఫిక్, రాత్రిపూట చప్పుడు, ఇంటి దగ్గర గోంగూర దొరుకుతుందా లేదా, ఇలా పోతుంది. అన్నిటికంటే పైన ఎర్రరంగు వరసలో 'నేరాలు' అని పెట్టి, దానికి అందరికంటే ఎక్కువ మార్కులిచ్చాను. ఇంట్లో ఎనిమిదేళ్ల ఆడపిల్ల, డెబ్బై దాటిన అమ్మ, ఏమీ లేకపోయినా కంగారుపడే నేను. కాబట్టి భద్రతకే పెద్దపీట.

నేరాల లెక్కలంటే ఎన్‌సీఆర్‌బీ, అదే దేశమంతటి నేరాల లెక్కలు వేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని పుస్తకమే దిక్కు. 20 లక్షల జనాభా దాటిన 19 నగరాలకు అందులో విడిగా పట్టికలుంటాయి, లక్షమందికి ఇన్ని కేసులు అని. హాయిగా నాలుగంకెలు ఎత్తి నాలుగు గళ్లలో పడేస్తే అయిపోయేది. కానీ నాకు కింద చిన్న అక్షరాలు చదివే జబ్బుంది. చదివాను. చెడిపోయాను.

మొదటి సంగతి, అవి జరిగిన నేరాలు కావు, రాసుకున్న నేరాలు. కోల్‌కతా కొన్నేళ్లుగా వరసగా అట్టడుగున ఉంటోంది, అక్కడ నేరాలే తక్కువో, రాసుకోవడం తక్కువో ఆ అంకెను చూసి చెప్పలేం. కొచ్చి చూస్తే పైపైన తేలుతోంది. కొచ్చిలో అంతమంది దొంగలున్నారా అని మా కొలీగ్‌ను అడిగితే, వాళ్లది ఆ ఊరే లెండి, నొచ్చుకుని, "మా దగ్గర స్టేషన్‌కు వెళితే కేసు రాస్తారు, అదే మేం చేసిన తప్పు" అన్నాడు. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు, రెండూ కలిపి చూడొద్దు అని ఆ పుస్తకంవాళ్లే చెప్పుకున్నారు కూడా. ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిట్లోకి పెద్దది ఒక్కటే లెక్కలోకి వస్తుంది, మిగతా మూడూ బోనస్.

రెండో సంగతి నన్ను నిజంగా బాధపెట్టింది. లక్షమందికి ఇన్ని అని భాగించడానికి నగరాల జనాభా ఎక్కడిదయ్యా అంటే, 2011 జనగణనది. హైదరాబాదుకు దాదాపు 77 లక్షలు. నేను ఈ ఊరికి 2013లో వచ్చాను. అంటే ఎవడైనా నా జేబు కొట్టేస్తే ఆ కేసు లెక్కలో ఉంటుంది, నేను మాత్రం ఉండను. పన్నెండేళ్లుగా నల్లకుంటలో అద్దె కడుతున్న మనిషి భాగహారంలో లేకుండా పోయాడు.

సరే, నేరాలు పక్కనపెట్టి జీవన నాణ్యత చూద్దామని పుణెలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, ఇంక ఆలోచించకు, వచ్చెయ్, మన పుణెకు ప్రపంచంలో ర్యాంకుంది" అన్నాడు. ఉంది. మెర్సర్ సంస్థ 2019లో ఇచ్చిన జాబితాలో 231 నగరాలుంటే వియన్నా ఒకటో స్థానం, పుణె 143. మరి హైదరాబాదో? అదీ 143. ఇద్దరికీ కలిపి ఒకే కుర్చీ. బెంగళూరు 149, చెన్నై 151. అంత ఖర్చుపెట్టి సామాన్లన్నీ లారీకెక్కించి 143 నుంచి 143కి పోవడం ఎందుకో మా బావమరిది ఇప్పటికీ చెప్పలేదు.

నీళ్ల గడి దగ్గర మా ఆవిడ కల్పించుకుంది. 2019లో చెన్నైలో నీళ్లకోసం పడిన పాట్లు రాశాను, 2024 వేసవిలో బెంగళూరు ట్యాంకర్ల వెనక పరిగెత్తిన సంగతి రాశాను. "మరి మనకు 2020 అక్టోబరులో సెల్లార్‌లోకే నీళ్లొచ్చి స్కూటర్ ఈదిందే, దానికి ప్లస్ మార్కులా, మైనస్ మార్కులా?" అంది. జవాబు దొరక్క గడి ఖాళీగా వదిలేశాను.

అమ్మ అయితే షీట్ వైపు కూడా చూడలేదు. "నాకు మొన్న ఫోన్ చేసి, నీ పేరున కొరియర్లో మత్తుమందులు దొరికాయి, వీడియోలో కనపడుతూ కూర్చో, నిన్ను అరెస్టు చేశాం అన్నాడే, వాడు ఏ ఊరివాడో కనుక్కుని ఆ ఊరికి వెళ్లకుండా ఉంటే చాలు" అంది. పాయింటే. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని, అలాంటివి వస్తే 1930కి ఫోన్ చేయాలని నేను వివరిస్తుంటే, తను వాణ్ని "అన్నం తిన్నావా నాయనా" అని అడిగితే వాడే పెట్టేశాడని చెప్పింది.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను దొంగతనాల పట్టిక తెరవకుండా ఉండాల్సింది. అందులో పగటి దొంగతనాలు వేరు, రాత్రి దొంగతనాలు వేరు. ఆ 'రాత్రి' అన్న మాట చదివాక మా బెడ్రూమ్ బాల్కనీ తలుపు గుర్తొచ్చింది. దానికి ఉన్నది వేలంత గడియ. శనివారం పొద్దున్నే రాణిగంజ్ పోయి, తలుపు వేస్తే దానంతట అదే పడిపోయే తాళం కొన్నాను. "దొంగోడే కాదు సార్, వాని అయ్య ఒచ్చినా తెర్వలేడు" అన్నాడు షాపతను. అదే ఊపులో కొత్త చెప్పులు కూడా కొన్నాను, 650 రూపాయలు. కార్పెంటర్ సాయంత్రానికి తాళం బిగించి పోయాడు. మా ఆవిడ, పాప ఏదో ఫంక్షనని ఎల్బీనగర్‌లో వాళ్ల అక్కగారింటికి వెళ్లారు, ఆదివారం వస్తారు. ఇంట్లో అమ్మా నేనూ.

రాత్రి పదకొండున్నర. షీట్‌లో ఇంకా ఖాళీగా ఉన్నవాటిలో 'చప్పుడు' ఒకటి. ఇళ్లుండే చోట రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదని రూలు. ఫోన్‌లో కొలిచే యాప్ ఒకటి వేసుకుని, లుంగీ బనియన్ మీదే బాల్కనీలోకి వెళ్లాను. దోమలు లోపలికొస్తే అమ్మ తిడుతుందని తలుపు దగ్గరికి లాగాను.

క్లిక్.

ఆ క్లిక్ ఎన్ని డెసిబెల్సో యాప్ చూపించింది కూడా. 58.

అమ్మకు ఫోన్ చేశాను. ఆ ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంది, దాంట్లో భక్తిపాట గట్టిగా మోగుతోంది, నాకు వినపడుతోంది, కిందింటివాళ్లకు వినపడుతోంది, కూలర్ పక్కన చెవిమిషన్ తీసేసి పడుకున్న అమ్మకు తప్ప అందరికీ వినపడుతోంది. వాచ్‌మన్ ఫోన్ స్విచాఫ్. మా ఆవిడకు చేయొచ్చు. కానీ అప్పుడు ఆమె, వాళ్లక్క, వాళ్ల బావగారు, ఫంక్షన్‌కు వచ్చినవాళ్లూ అందరూ కలిసి నవ్వుతారు, ఆ నవ్వు మా వెండి పెళ్లిరోజు దాకా నడుస్తుంది. గుట్టుచప్పుడు కాకుండా నేనే చూసుకుందామనుకున్నాను.

మాది ఫస్ట్ ఫ్లోర్. బాల్కనీ పక్కన సజ్జ, సజ్జ చివర వంటింటి వెనక గిన్నెలు తోముకునే చోటు, దానికి పిట్టగోడ తప్ప గ్రిల్ లేదు, అక్కడి తలుపుకు ఎప్పుడూ గడియ పెట్టం. (దొంగ ఎవడైనా నేరుగా అటే వస్తాడన్న సంగతి రాణిగంజ్ వెళ్లినప్పుడు తట్టలేదు.) పట్టుమని ఎనిమిదడుగులు. లుంగీ ఎగగట్టి, ఫోన్ టార్చి వేసి పళ్లతో పట్టుకుని, గోడ వైపు తిరిగి, ఎండాకాలం బల్లిలాగా పాకడం మొదలుపెట్టాను.

నాలుగో అడుగు దగ్గర ఎదురింటి ఆంటీగారి కిటికీలో లైటు వెలిగింది. ఆవిడకు నిద్ర పట్టదు, పాపం, షుగరు. ఆ వీధిలో ఏ ఇంటికి ఎవరు ఎన్నింటికి వస్తారో ఆవిడకు తెలిసినంత ఏ సీసీ కెమెరాకూ తెలియదు. ఒక్క క్షణం చూశారు. తర్వాత, "దొంగ! దొంగ!! ఫస్ట్ ఫ్లోర్లో దొంగ!" అని అరిచారు. యాప్ ఇంకా నడుస్తూనే ఉంది, తర్వాత చూసుకుంటే 84.

"నేనే ఆంటీ" అన్నాను. నోట్లో ఫోన్ ఉండటంవల్ల అది "ఏఏ ఆఆఈ" అని వచ్చింది. ఇది ఆవిడకు ఇంకా అనుమానంగా తోచింది. రెండు నిమిషాల్లో కింద పదిమంది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని, నిద్రకళ్లతో, "దిగురా కిందికి! దిగుతవా లేదా!" అంటున్నాడు, ప్రతి దసరాకు నా దగ్గర ఐదొందలు తీసుకునే మనిషి. టార్చిలన్నీ నా మొహం మీదే కొట్టారు. ఎవరో ఫోటో కూడా తీశారు. ఎదురింటి అంకుల్ లోపలినుంచే 100కు ఫోన్ చేశారట.

నేను సజ్జ మీద గోడకు ఆనుకుని నిలబడి, చేయగలిగింది ఏమీ లేక, టైము చూసుకున్నాను. పదకొండు నలభై ఆరు. షీట్‌లో 'పోలీసులు రావడానికి పట్టే సమయం' అని ఒక వరస ఉంది, దానికి ఎక్కడా లెక్క దొరకలేదు. అబద్ధమెందుకు, కాళ్లు వణుకుతున్నా లోపల చిన్న సంతోషం కలిగింది. పదకొండు యాభై మూడుకు బ్లూకోల్ట్స్ బైకు మా గేటు ముందు ఆగింది. ఏడు నిమిషాలు.

"ఏం సార్, ఈ టైముల సజ్జ మీద ఏం పని?" అన్నాడు కానిస్టేబుల్. సార్ అన్నాడు, అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. ఇది నా ఇల్లే అన్నాను. ఆధార్ చూపించమన్నాడు. ఆధార్ లోపలుంది, పైగా దాంట్లో అడ్రసు ఇప్పటికీ తెనాలిదే. జనాభా లెక్కలో లేను, ఆధార్‌లో ఈ ఊళ్లో లేను, సజ్జ మీద మాత్రం ఉన్నాను.

అప్పటికి ఎవరో పైకెళ్లి తలుపు బాదగా బాదగా అమ్మ లేచింది. చెవిమిషన్ పెట్టుకుంది, కళ్లజోడు మర్చిపోయింది. వంటింటి వెనక నుంచి తొంగిచూసింది.

"అమ్మా, ఈయన మీ అబ్బాయేనా?" అని కింద నుంచి కానిస్టేబుల్ అడిగాడు.

అమ్మ నన్ను పరిశీలనగా చూసి, "మా వాడు పదింటికే పడుకుంటాడు బాబూ" అంది.

కింద గుంపు ఒక అడుగు ముందుకేసింది. అమ్మ ఇంకొంచెం వంగి చూసి, "అయ్యో, మా వాడి కొత్త లుంగీ కూడా కట్టేశాడు!" అంది.

"అమ్మా, నేనే! సంక్రాంతికి నువ్వే కొనిచ్చావు!" అని అరిచాక గానీ గొంతు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక మాత్రం, అంతమంది ముందూ, "అర్ధరాత్రి గోడ మీద ఏంట్రా ఆ వేషాలు, లోపలికి తగలడు" అంది. తగలడ్డాను.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకే నమ్మబుద్ధి కాదు. ఇంటి మీదికొచ్చినవాళ్లను ఊరికే పంపితే బాగుండదని అమ్మ టీ పెట్టింది. నన్ను పట్టుకోవడానికి వచ్చినవాళ్లందరూ, ఇద్దరు పోలీసులతో సహా, మా హాల్లో కూర్చుని తాగారు. ఎదురింటి ఆంటీగారు నొచ్చుకుంటూ, "ఏమనుకోకండి బాబూ, చీకట్లో అచ్చం దొంగలాగే ఉన్నారు" అన్నారు. అంకుల్ నా లాప్‌టాప్‌లో షీట్ చూసి, గోంగూర వరసలో పుణెకు నేనిచ్చిన మార్కులు మరీ ఎక్కువన్నారు. వాచ్‌మన్ కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడి నావైపు చూడలేక చూశాడు.

వాళ్లు లేస్తుంటే కానిస్టేబుల్‌ను మెల్లగా అడిగాను, "సార్, ఇది కేసు అవుతుందా? లెక్కల్లోకి వస్తుందా?"

"రావాల్నా సార్? రావాల్నంటే చెప్పుండ్రి, రాసుకుందాం."

వద్దన్నాను. కొచ్చిలో అయితే ఏం జరిగేదో.

అందర్నీ సాగనంపి, గేటు దాకా వెళ్లొద్దామని గుమ్మం దగ్గర చూస్తే చెప్పుల్లేవు. కొత్తవి, 650 రూపాయలవి. వాటి చోట అరిగి మడమ దగ్గర చిల్లుపడ్డ పాత జత ఒకటుంది. ఆ రాత్రి మొత్తానికి జరిగిన ఒకే ఒక్క దొంగతనం, అది కూడా ఇద్దరు పోలీసులు లోపల కూర్చుని టీలో చక్కెర సరిపోలేదంటున్నప్పుడు.

బైకు ఇంకా గేటు దగ్గరే ఉంది. పిలిస్తే వస్తారు. పిలవబోయాను కూడా. కానీ లాప్‌టాప్ తెరిచే ఉంది, హైదరాబాదు అప్పుడప్పుడే పుణెను ఒకటిన్నర మార్కులతో దాటింది, ఇప్పుడు నేనే పోయి ఒక చోరీ రాయిస్తే మొత్తం తారుమారవుతుంది. ఊరుకున్నాను. సోమవారం తొమ్మిదిన్నరకు, ఇక్కడే ఉంటానని మెయిల్ పెట్టాను. మా ఆవిడ ఎందుకని అడగలేదు, కాలనీ వాట్సాప్ గ్రూపులో నా సజ్జ ఫోటో ఆదివారం పొద్దున్నే చూసి అప్పటినుంచీ నవ్వుతూనే ఉంది.

బుధవారం శంకర్‌మఠ్ వైపు కూరగాయలకు వెళితే ఎదురింటి అంకుల్ కనపడ్డారు. ఎప్పుడూ కాళ్లీడ్చుకుంటూ నడిచే మనిషి ఆ రోజు చాలా హుషారుగా నడుస్తున్నారు. నేను కిందికి చూశాను.

"ఇంతకీ ఏ ఊరు ఖాయం చేశారండీ?" అన్నారు.

"హైదరాబాదేనండీ" అన్నాను, ఆయన కాళ్లకున్న నా చెప్పుల్ని చూస్తూ.

"మంచి పని చేశారు. ఇక్కడ దొంగల భయం లేదు" అన్నారు.