పళ్లెంలో గెలిస్తే చాలదు

పెట్రీ పళ్లెంలోని అగర్ అనే జెల్లీ మీద బ్యాక్టీరియాను పూసి, లవంగ నూనెలో తడిపిన చిన్న కాగితపు బిళ్లను మధ్యలో పెడతారు. రాత్రంతా వెచ్చగా ఉంచితే, తెల్లారేసరికి పళ్లెమంతా క్రిములు కమ్ముకుంటాయి, బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రని ఖాళీ మిగులుతుంది. ఆ ఫొటో చూడగానే ‘మొండి బ్యాక్టీరియాకు మందు దొరికింది’ అని శీర్షిక పెట్టేస్తాం. ఈ తొందరలో మేమూ తక్కువ తినలేదు.

ఆ ఖాళీ అబద్ధమేమీ కాదు. లవంగంలోని యూజినాల్, వాములోని థైమాల్ బ్యాక్టీరియా కణపు కొవ్వు పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తాయి. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, కణం నీరసించి చస్తుంది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే క్రిమికి ఆ విద్య ఇక్కడ అక్కరకు రాదు. కానీ కొవ్వు పొర మన కణాలకూ ఉంది! పైగా యాంటీబయాటిక్‌కు మైక్రోగ్రాములు సరిపోయే చోట తైలానికి తరచూ మిల్లీగ్రాములు కావాలి. అంటే వెయ్యి రెట్ల తేడా. కొద్ది మిల్లీలీటర్ల లవంగ నూనె మింగి కాలేయం దెబ్బతిన్న పిల్లల కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఇక బయటి పొర గట్టిగా ఉండే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చాలా తైలాలను లెక్కే చేయదు.

మనుషుల మీద పరీక్షిస్తే ఏమవుతుందో 2004లో వెలువడిన ఇంగ్లండ్ అధ్యయనం చూపింది. ఎంఆర్ఎస్ఏ (మెథిసిలిన్‌కు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా) ఉన్న 224 మందిలో కొందరికి టీ ట్రీ అనే ఆస్ట్రేలియా చెట్టు తైలపు క్రీమ్, బాడీవాష్, మిగతావారికి మామూలు చికిత్స ఇచ్చారు. ముక్కులోని క్రిమిని మామూలు చికిత్సలోని ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ లేపనం 78 శాతం మందిలో తొలగిస్తే, టీ ట్రీ 47 శాతంతో సరిపెట్టుకుంది. చర్మం మీద మాత్రం క్లోర్‌హెక్సిడిన్‌ అనే క్రిమినాశిని కంటే తైలమే మెరుగ్గా పనిచేసింది.

ఈ తైలాలకు తగిన చోటు చర్మం, పుండు, ఆస్పత్రి గచ్చు అని మా అభిప్రాయం. యాంటీబయాటిక్‌కు తోడుగా వాడితే దాని మోతాదు తగ్గుతుందేమో కూడా తేల్చాలి. పేటెంట్ దక్కని పాత తైలం మీద కంపెనీలు డబ్బు పెట్టవు కాబట్టి, ఈ ఖర్చు ప్రభుత్వాలే భరించాలి. మందులకు లొంగని ఇన్‌ఫెక్షన్లు 2019లో నేరుగా 12.7 లక్షల ప్రాణాలు తీశాయన్న అంచనా ముందుండగా, డబ్బుల్లేవనడం కుదరదు. పరిశోధకులు కూడా నూనెలో ఏది ఎంత శాతం ఉందో, అదే మోతాదుకు మనిషి కణం ఏమైందో పళ్లెం ఫొటో పక్కనే ప్రచురించాలి.